గట్టి పరుపే నడుముకు మంచిదన్నది నిజం కాదు

నడుము నొప్పి అని చెప్పగానే ఎవరో ఒకరు ఫోన్‌కి పంపే సందేశం ఒకటుంది. పరుపు ఎంత గట్టిగా ఉంటే వెన్నుకు అంత మంచిదట. మెత్తటి పరుపు వెన్నెముకను వంచేస్తుందట. ‘ఆర్థోపెడిక్’ అని రాసి ఉన్నదే కొనాలట, మందం ఎక్కువైతే ఎక్కువ కాలం మన్నుతుందట, మొదట్లో ఒళ్లు నొప్పులు వచ్చినా అలవాటైపోతుందట. పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతారు. కానీ ఇది నమ్మి చెక్కలాంటి పరుపు కొని, రాత్రంతా అటూ ఇటూ దొర్లి, లోపం తమ నడుములోనే ఉందనుకుని బాధపడేవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

గట్టిదే మంచిదన్న మాట ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు డాక్టర్లు కూడా గట్టి పరుపు వాడమనో, పరుపు కింద చెక్క వేసుకోమనో చెప్పేవాళ్లు. ఆ సలహాను నేరుగా పరీక్షించిన అధ్యయనం 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. స్పెయిన్‌లో చాలాకాలంగా నడుము నొప్పితో ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపులు, మిగతావాళ్లకి మధ్యస్థంగా గట్టిగా ఉండేవి ఇచ్చారు. ఎవరికి ఏది వచ్చిందో వాళ్లకి తెలియదు. 90 రోజుల తర్వాత చూస్తే, పడుకున్నప్పుడు నొప్పి, లేచేటప్పుడు నొప్పి, రోజువారీ పనుల్లో ఇబ్బంది, మూడింటిలోనూ మధ్యస్థ రకం వాడినవాళ్లకే మెరుగ్గా ఉంది. ఫలానా జబ్బు అని తేలని మామూలు నడుము నొప్పి మీద చేసిన పరీక్ష ఇది. మనలో ఎక్కువమందిని వేధించేది ఆ నొప్పే.

కారణం మన ఒంటి తీరులోనే ఉంది. వెన్నెముక తిన్నటి కర్ర కాదు. మెడ దగ్గర, నడుము దగ్గర లోపలికి, వీపు పైభాగంలో బయటికి వంపు తిరిగి ఉంటుంది. బొత్తిగా లొంగని పరుపు మీద వెల్లకిలా పడుకుంటే వీపు, పిరుదులు ఆనతాయి, నడుము మాత్రం కింద ఆసరా లేకుండా ఉండిపోతుంది. పక్కకి తిరిగి పడుకుంటే ఇంకా కష్టం. బరువంతా భుజం మీద, తుంటి మీద పడుతుంది. అవి కొంచెం దిగే చోటు లేకపోతే వెన్ను పక్కకి ఒంగుతుంది, చెయ్యి తిమ్మిరెక్కుతుంది.

మెత్తటి పరుపు వెన్ను వంచేస్తుందన్నది సగమే నిజం. నడుము భాగం గుంతలోకి దిగిపోయేంత మెత్తన చెడ్డదే, అందులో సందేహం లేదు. బోర్లా పడుకునేవాళ్లకి మరీ చెడ్డది. అయితే ఎంత దిగుతుందన్నది మనిషి బరువును బట్టి కూడా ఉంటుంది. సన్నగా ఉన్నవాళ్లకి గట్టిగా తోచే పరుపులోనే భారీ మనిషి కూరుకుపోవచ్చు. అందుకే ‘మా ఇంట్లో ఇదే వాడుతున్నాం, చాలా బాగుంది’ అన్న మాటతో కొనేయకూడదు. భార్యాభర్తల బరువుల్లో చాలా తేడా ఉంటే ఒకే మంచం మీద రెండు వేర్వేరు పరుపులు పక్కపక్కనే వేసుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు.

‘ఆర్థోపెడిక్’ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. ఆ పేరు పెట్టుకోవడానికి పరుపు ఫలానా వైద్య పరీక్షలో నెగ్గి ఉండాలని అందరూ ఒప్పుకున్న కొలమానం ఏదీ లేదు. అది అమ్మకం కోసం వాడే మాట.

మందం, మన్నిక ఒకటి కావు. ఫోమ్ మన్నిక ఎక్కువగా దాని సాంద్రత మీద ఆధారపడుతుంది, అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నది. సాంద్రత వేరు, గట్టిదనం వేరు. ఒకే సాంద్రతతో మెత్తటి ఫోమూ చేయొచ్చు, గట్టి ఫోమూ చేయొచ్చు. తక్కువ సాంద్రత ఫోమ్‌తో చేసిన మందపాటి పరుపు పైకి ఎంత దర్జాగా ఉన్నా త్వరగా గుంతపడుతుంది. షాపులో ఎన్ని అంగుళాలు అని కాకుండా ఏ పొరలో ఏముంది, దాని సాంద్రత ఎంత అని అడగండి. మెమరీ ఫోమ్ (ఒంటి ఆకారానికి తగ్గట్టు నెమ్మదిగా దిగే ఫోమ్) అయితే చలికి బిగుసుకుని, వేడికి మెత్తబడుతుందని కూడా గుర్తుంచుకోండి. అన్నట్టు, మంచం పలకలు కుంగి ఉంటే ఎంత మంచి పరుపైనా దానితో పాటే కుంగుతుంది. ముందు పరుపు ఎత్తి కింద చూడండి.

చివరిది ‘అలవాటైపోతుంది’ అన్న మాట. కొత్త పరుపుకు ఒళ్లు సర్దుకోవడానికి కొద్ది వారాలు పట్టొచ్చు, అంతవరకు నిజమే. కానీ రోజూ భుజం తిమ్మిరితో మెలకువ వస్తుంటే, పొద్దున లేచేసరికి ఉన్న నొప్పి లేచి తిరిగాక తగ్గిపోతుంటే పరుపును అనుమానించాల్సిందే. వాపసు గడువు దాటేదాకా ఓర్చుకోకండి. ఆ గడువు ఎంతో, షరతులేమిటో కొనేముందే అడగండి.

కొనేటప్పుడు అంచున కూర్చుని చేత్తో నొక్కి చూస్తే ఏమీ తెలియదు. రోజూ ఎలా పడుకుంటారో అలాగే, దిండు కూడా పెట్టుకుని, ఓ పదిహేను నిమిషాలు పడుకోండి. మొహమాటం వద్దు. వెల్లకిలా ఉండి నడుము కింద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఆనకుండా సులువుగా అటూ ఇటూ ఆడితే పరుపు మీకు మరీ గట్టిది. దూర్చడమే కష్టమైతే మరీ మెత్తనిది. పక్కకి తిరిగినప్పుడు వెన్ను తిన్నగా ఉందో లేదో వెంట వచ్చినవాళ్లని వెనక నుంచి చూడమనండి.

ఇక్కడ చెప్పిందంతా పెద్దవాళ్లకే. నెలల పిల్లలకి మాత్రం గట్టిగా, చదునుగా ఉన్న పరుపే కావాలి. మెత్తటి దానిలో ముఖం కూరుకుపోయి ఊపిరాడని ప్రమాదం ఉంది. మంచం మీద నుంచి లేవలేని రోగులకి ఒకేచోట ఒత్తిడి పడి వచ్చే పుండ్లు రాకుండా ప్రత్యేకమైన పరుపులుంటాయి, వాటిని వాళ్ల డాక్టర్‌ని అడిగే ఎంచుకోవాలి. నొప్పి కాల్లోకి పాకుతున్నా, కాలు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా పరుపుల షాపుకు కాదు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.