దాచి తినే విద్యలో మన జిల్లాల ప్రావీణ్యం

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల ప్రజలు ఏం తింటారో, ఎంత తింటారో చాలామంది లెక్కలు కట్టారు గానీ, ఎవరి కంట పడకుండా తింటారన్నది మాత్రం ఇంతవరకు ఏ పరిశోధనకూ నోచుకోలేదు. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మనకు ఇంత దగ్గరలో ఉన్నా, అక్కడి శాస్త్రవేత్త ఒక్కరైనా రాత్రి పదకొండు గంటలకు మన వంటింటి తలుపు సందులోంచి తొంగి చూసిన దాఖలా లేదు. ఆ లోటును యథాశక్తి పూరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దాచి తినడం మనకు కొత్త విద్య కాదు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారకముందు, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం రాకముందు, ఇక్కడి మెట్ట ఊళ్ళలో రోజువారీ తిండి జొన్న రొట్టె, జొన్న సంకటి లాంటి గటక, తైదల (రాగుల) అంబలి. వరి అన్నం పండుగకో పబ్బానికో. చుట్టం గడప తొక్కగానే గటక కుండ మీద మూత పడేది, పక్కింట్లో బదులు తెచ్చిన బియ్యం పొయ్యెక్కేది. అప్పట్లో దాచవలసింది తిండిని, చూపించవలసింది ఒంటిని. బొజ్జ మీద నిలవని ధోవతి, మెడ కింది మడత, ఆసామికి ఎన్ని ఎకరాలున్నాయో పట్టాదారు పాసుపుస్తకం కంటే నమ్మకంగా చెప్పేవి. పెండ్లి చూపుల్లో "పిల్ల బక్కగుంది, ఇంట్ల తిండికి కరువేమో" అని ఎవరైనా అంటే ఆ సంబంధం అంతటితో సరి.

ఇప్పుడు మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం బస్తాలు కొండలై పేరుకొని ఉన్నాయి. అందరికీ దొరికేదాన్ని తినడంలో గొప్ప ఏముంటుంది? ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడంతో, మన తాతలు మూత పెట్టి దాచిన గటకకు గాజు గిన్నె, పైన రెండు దానిమ్మ గింజలు, ఫొటోలో చోటు దక్కాయి. చుట్టాలు వచ్చినప్పుడు నేడు బల్ల మీదికి వచ్చేది కొర్రల ఉప్మా, అటక మీదికి పోయేది అన్నం కుక్కర్. సిగ్గు ఎక్కడికీ పోలేదు, గిన్నె మార్చుకుందంతే.

ఈ శాస్త్రాన్ని ప్రత్యక్షంగా చూడగోరేవారు ముహూర్తాల రోజుల్లో నల్లగొండలోని ఏ ఫంక్షన్ హాలుకైనా వెళ్ళవచ్చు. బగారా అన్నం, మాంసం కూర ఉన్న బల్ల దగ్గర పెండ్లి కావలసిన అమ్మాయి ఒకతె ప్లేటు పట్టుకొని నిలబడి ఉంటుంది; వెనుక నుంచి మేనత్త చెయ్యి భుజం మీద పడుతుంది. "ఏందే బిడ్డా, గింత లావైనవ్! గిట్లైతే సంబంధమెట్ల కుదురుతది?" అని హాలంతా వినబడేటట్టు అడిగి, ఆ మాట గాలిలో ఉండగానే ప్లేటులోకి చూసి, "గదేం తినుడే, పిట్ట తిన్నట్టు, ఇంకో రెండు తునకలేసుకో" అని గరిటె తానే అందుకుంటుంది. ఈ రెండు ఆజ్ఞలనూ ఒకేసారి పాటించగల ప్రాణి సృష్టిలో లేదు కనుక, అమ్మాయి నాలుగు కీరా ముక్కలు కొరికి, కడుపు నిండిందని అబద్ధం చెప్పి, ఇల్లు చేరుతుంది. అందరూ పడుకున్నాక ఫ్రిజ్ వెలుగులో నిలబడి, మిగిలిన బగారాను గిన్నెలోంచే చేత్తో తింటుంది. పళ్ళెంలో పెట్టుకోనిది, కూర్చొని తిననిది తిండి కిందికి రాదన్నది మన ఇళ్ళలో ఎవరూ రాయకుండానే అమలవుతున్న స్మృతి.

దీన్ని జిహ్వచాపల్యం అనేవారు ఒక పాత ప్రయోగాన్ని తెలుసుకోవాలి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944–45లో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులను ఎంపిక చేసి, దాదాపు ఆరు నెలల పాటు సగం తిండితో ఉంచాడు. వారి బరువులో నాలుగో వంతు దాకా తగ్గింది, దానితో పాటు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంట జోలికి పోని వారు కూడా వంటల పుస్తకాలు ముందేసుకొని కూర్చున్నారు, ఆంక్షలు తొలగాక కొందరు కడుపు పట్టనంత తిని కూడా ఆకలి తీరలేదన్నారు. కాబట్టి ఫ్రిజ్ ముందు నిలబడ్డ అమ్మాయికి కొరవడింది మనోనిబ్బరం కాదు, మధ్యాహ్నపు భోజనం. విశేషమేమంటే, బెల్జియం గణాంకవేత్త కెట్లే 1830లలో సగటు మనిషిని కొలవడానికి, బరువును ఎత్తు వర్గంతో భాగిస్తూ వేసిన పాత లెక్కకు 1972లో బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది కూడా ఈ కీస్ బృందమే; ఆకలి మనిషిని ఏం చేస్తుందో చూపినవాడే, మనం ఆకలితో పడుకోవడానికి ఒక అంకెను కూడా ప్రసాదించాడు. ఆ అంకె లావుకు మామూలుగా గీసే గీత అయిన 25 దాకా ఆగకుండా మన డాక్టర్లు 23 దగ్గరే హెచ్చరిస్తారు, షుగరు, గుండె జబ్బుల భయంతో. మేనత్తకు అంత గణితం అక్కరలేదు.

మగపిల్లల సంగతి దీనికి తలకిందులు. కానిస్టేబుల్ పరీక్షకు పోయేవాడు, పోనివాడు కూడా జిమ్ములో చేరి, ఇంట్లో పప్పు ముట్టకుండా, డబ్బాలోని ప్రొటీన్ పొడిని మాత్రం తల్లి దాచిన చిట్టీ డబ్బులతో కొని తాగుతున్నాడు.

ఇక బతుకమ్మ. తొమ్మిది రోజుల్లో ఆరో నాడు అలిగిన బతుకమ్మకు నైవేద్యం పెట్టరు. మిగిలిన రోజులు అటుకులు, అట్లు, వెన్నముద్దలు, చివరికి సద్దులు. ఇప్పుడు చాలా ఇళ్ళలో అలుగుడు ఆడపిల్లలకు తొమ్మిది రోజులూ ఉంటున్నది. నువ్వుల సత్తు, మలీద ముద్దలు ఫొటో దిగి, ఇరుగుపొరుగుకు పంపిణీ అయి, చేసిన చేతికి వాసన మాత్రం మిగులుస్తున్నాయి. రాష్ట్రంలో సగానికి పైగా ఆడవారికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నా, అద్దంలో రక్తం కనబడదు కనుక దాని గురించి బజారులో ఎవరూ అడగరు.

ఈ పరిస్థితుల్లో ఫంక్షన్ హాళ్ళ యజమానులకు ఒక సూచన చేయదలిచాను. భోజనాల బల్లకు వెనుక మందపాటి పరదా కట్టి, లోపల ఫొటోగ్రాఫరుకు, అద్దాలకు, అత్తలకు ప్రవేశం లేని రెండో కౌంటరు ఏర్పాటు చేస్తే, అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపులకు, రెండోసారి వేడి చేసే గ్యాసుకు బోలెడంత ఆదా. పరదా బయటి కౌంటరు వెలవెలబోతుందన్న బెంగ వద్దు. యాభై దాటిన మగవారు అక్కడ మూలుగ బొక్క కోసం వడ్డించే పిల్లవాడితో గొడవ పడుతూనే ఉంటారు. వారి బొజ్జల మీద ఏ మేనత్తా ఇంతవరకు ఒక్క మాట అనలేదు.