పైలట్ చదువుకు ముందు పొలం, తరువాత కంటి పరీక్ష: ఈ వరస మారాలి

2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచిన కొత్త నిబంధనలకు తగినంతమంది సిబ్బందిని ఆ సంస్థ సమకూర్చుకోలేదని అప్పుడు దేశమంతటికీ తెలిసింది. వచ్చే 15, 20 ఏళ్లలో భారతదేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు అంతకుముందే చెప్పి ఉన్నారు. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. ఆ విమానాలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. వాటిని నడిపేవారు ఏ ఊళ్ల నుంచి వస్తారన్నదే ఇక ప్రశ్న.

మంత్రిగారి శ్రీకాకుళం లోక్‌సభ నియోజకవర్గంలోని పాతపట్నం దాటితే ఒడిశా, పర్లాకిమిడి. అక్కడి నుంచి ఇటు బరంపురం దాకా, అటు గుణుపురం, రాయగడ, జయపురం దాకా 1936లో ఒడిశా ఏర్పడినప్పటి నుంచీ సరిహద్దుకు అవతల ఉండిపోయిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఈ ఇళ్లలో పిల్లల చదువు గురించి మాట్లాడితే రెండే దారులు వినిపిస్తాయి. ఒకటి బరంపురం మెడికల్ కాలేజీ సీటు, రెండోది విశాఖపట్నంలో ఇంజనీరింగ్. పైలట్ అన్న మాట వస్తే పెద్దవాళ్లు నవ్వి ఊరుకుంటారు, లేదా ఎవరో చెప్పిన మాట నమ్మి ఉన్న పొలం బేరానికి పెడతారు. ఈ రెండూ నన్ను సమానంగా బాధపెడతాయి. మొదటిదాంట్లో అర్హత ఉన్న పిల్ల ఇంట్లోనే ఆగిపోతుంది. రెండోదాంట్లో అర్హత ఉందో లేదో తెలియకముందే కుటుంబం అప్పులో దిగుతుంది.

అర్హత గురించి ముందు స్పష్టంగా మాట్లాడుకుందాం. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కు కనీస వయసు 18 ఏళ్లు. భౌతికశాస్త్రం, గణితంతో ప్లస్ టూ ఉత్తీర్ణులై ఉండాలి. కామర్స్, ఆర్ట్స్ చదివినవారు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా ఆ రెండు సబ్జెక్టులూ రాసుకోవచ్చు. ఈ షరతునే ఎత్తివేయాలన్న ప్రతిపాదన 2025లో ముందుకు వచ్చింది. డిగ్రీ తప్పనిసరి కాదు. నీట్, జేఈఈ వంటి జాతీయ ర్యాంకుతో లైసెన్స్‌కు సంబంధం లేదు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, పెట్టే రాత పరీక్షల్లో విమానయాన నిబంధనలు, నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమాన సాంకేతిక విషయాలు ఉంటాయి. ఒక్కో పేపరులో 70 శాతం మార్కులు రావాలి. ఇవి కఠినమైన పరీక్షలే. కానీ ఎంసెట్, నీట్ కోసం రెండేళ్లు కూర్చోగలిగిన పిల్లలకు అందనివి మాత్రం కావు. రేడియోలో నియంత్రణ కేంద్రంతో మాట్లాడేందుకు వేరే లైసెన్స్ కావాలి. గతంలో టెలికాం శాఖ చేతిలో ఉన్న ఆ పరీక్షను 2024 నాటి భారతీయ వాయుయాన్ అధినియమం డీజీసీఏ పరిధిలోకి తెచ్చింది.

ఇంగ్లీషు భయం మన ప్రాంతంలో ఎక్కువ. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో మూడోది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పైలట్ల ఇంగ్లీషును ఆరు స్థాయిలుగా విభజించి, నాలుగో స్థాయి ఉంటే చాలంది. యాస ఉన్నా పరవాలేదు, ఎదుటివారికి అర్థం కావాలి, అనుకోని పరిస్థితిలో తడబడకుండా చెప్పగలగాలి. మూడు భాషల మధ్య పెరిగిన పిల్లలకు ఇది బలహీనత అవుతుందని నేను ఒప్పుకోను. వాళ్లు పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని అదే.

ఇక గాలిలో గడపాల్సిన సమయం. మొత్తం 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు విమానానికి తానే బాధ్యుడిగా ఉండి నడపాలి. 20 గంటలు ఒక చోటు నుంచి మరో చోటుకు చేసే దూరప్రయాణాలు కావాలి. అందులో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లకు, అంటే సుమారు 555 కిలోమీటర్లకు తగ్గకుండా, మధ్యలో రెండు వేరే విమానాశ్రయాల్లో దిగి, ఆగి చేయాలి. కిటికీ బయటకు చూడకుండా పరికరాల మీదే ఆధారపడి 10 గంటలు, రాత్రిపూట 5 గంటలు, ఆ 5 గంటల్లో కనీసం 10 సార్లు ఎగరడం, దిగడం. కాగితం మీద ఇది ఏడాది పని. ఆచరణలో వర్షాలు, పొగమంచు, మరమ్మతులో నిలిచిపోయిన విమానాలు, చాలీచాలని శిక్షకులు కలిసి దాన్ని రెండేళ్లకు, కొన్నిచోట్ల ఇంకా పైకి సాగదీస్తాయి. సాగిన ప్రతి నెలా హాస్టల్ ఖర్చు, వడ్డీ నడుస్తూనే ఉంటాయి.

ఇక్కడే వైద్య పరీక్ష సంగతి. శిక్షణకు ముందు క్లాస్ 2 వైద్య ధ్రువపత్రం, లైసెన్స్‌కు క్లాస్ 1 ధ్రువపత్రం కావాలి. చూపు, రంగుల గుర్తింపు, వినికిడి, గుండె, రక్తం అన్నీ చూస్తారు. కళ్లజోడు ఉంటే పనికిరారన్నది అపోహ. జోడుతో చూపు ప్రమాణానికి సరిపోతే అభ్యంతరం లేదు. రంగుల విషయం మాత్రం వేరు. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని లోపం పుట్టుకతో ఉంటుంది, సాధారణ జీవితంలో బయటపడదు, మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. దానికి చికిత్స లేదు. చాలా కుటుంబాలు శిక్షణ సంస్థకు మొదటి వాయిదా కట్టి, సీటు ఖాయం చేసుకుని, ఆ తరువాతే వైద్యుడి దగ్గరికి వెళ్తాయి. మరికొందరు క్లాస్ 2తో మొదలుపెట్టి క్లాస్ 1ని చివరికి వదిలేస్తారు. క్లాస్ 1 చేతికి రాకముందు ఒక్క రూపాయి కూడా కట్టవద్దని నా గట్టి సలహా. రంగుల పలకలు చూపించి చేసే ప్రాథమిక పరీక్ష బరంపురంలో ఏ కంటి వైద్యుడి దగ్గరైనా కొద్ది నిమిషాల పని. దాని మీద ఆధారపడి అర కోటి రూపాయల నిర్ణయం ఉంటుంది.

అవును, అర కోటికి పైమాటే. స్వదేశంలో శిక్షణ పూర్తయ్యేసరికి అంత అవుతుంది. ఇది ఇంజనీరింగ్ ఫీజుతో పోల్చదగ్గ మొత్తం కాదు, అందుకే ఇక్కడ ఆగి ఆలోచించాలి. లైసెన్స్ వచ్చినంత మాత్రాన ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 నడపలేరు. ఒక్కో రకం విమానానికి టైప్ రేటింగ్ అనే ప్రత్యేక శిక్షణ కావాలి. దానికి మరో 15 నుంచి 20 లక్షలు. పెద్ద విమానయాన సంస్థలు తామే అభ్యర్థులను ఎంచుకుని మొదటి నుంచీ శిక్షణ ఇప్పించే క్యాడెట్ కార్యక్రమాల్లో ఖర్చు కోటి దాటుతుంది. ఉద్యోగం దాదాపు ఖాయమన్న భరోసాకు కట్టే ధర అది. 60 లక్షల అప్పును పదిన్నర శాతం వడ్డీతో 15 ఏళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 66 వేలు కట్టాలి. ఉద్యోగంలో చేరిన కో-పైలట్ జీతం దాన్ని మోయగలదు. ఉద్యోగం రాకుండా ఏడాది గడిచినవాడి తండ్రి మోయలేడు.

బ్యాంకులు ఏం చేస్తాయి? విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి హామీ అడుగుతాయి. కేంద్రం 2024లో తెచ్చిన విద్యాలక్ష్మి పథకంలో హామీ లేని రుణం ఉంది గానీ, అది ఎన్ఐఆర్ఎఫ్, అంటే కేంద్రం కాలేజీలకు, విశ్వవిద్యాలయాలకు ఇచ్చే ర్యాంకుల ఆధారంగా ఎంపికైన విద్యాసంస్థలకు వర్తిస్తుంది. ఫ్లయింగ్ స్కూళ్లు ఆ ర్యాంకుల చట్రంలోకే రావు. అంటే ఇల్లో, పొలమో ఉండాలి, అదీ పట్టణం దగ్గరి పొలమై ఉండాలి. కోరాపుట్, మల్కనగిరి, రాయగడ జిల్లాలు పూర్తిగా, గజపతి జిల్లాలో కొంత భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలు. అక్కడి గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956 నాటి నిబంధన రక్షణలో ఉంది. 2023 నవంబరులో ఒడిశా మంత్రివర్గం ఆ నిబంధనను సడలించి పిల్లల ఉన్నత చదువు వంటి అవసరాలకు భూమిని తాకట్టు పెట్టుకునే వీలు కల్పించాలని నిర్ణయించింది. తీవ్ర నిరసన రావడంతో దాన్ని నిలిపివేసింది. నిలిపివేయడమే సరైనదని నేను నమ్ముతాను. పిల్లవాడి చదువు పేరు చెప్పి భూమి చేతులు మారే దారి తెరిస్తే, పైలట్లు ఎంతమంది తయారవుతారో గానీ భూమి మాత్రం తిరిగి రాదు. అయితే భూమిని కాపాడినంత మాత్రాన ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. తాకట్టు వద్దన్నప్పుడు ఆ హామీని తానే ఇవ్వాలి.

స్కాలర్‌షిప్‌ల మాటకొస్తే, ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనాల్లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ కోర్సు, ఎక్కువ భత్యం అందే మొదటి గ్రూపులోనే ఉంది. ఈ సంగతి కాలేజీ నోటీసు బోర్డుల మీద కనబడదు. సరిహద్దు తెలుగువారికి ఇంకో చిక్కు ఉంది. పాతపట్నంలో ఉన్న పినతండ్రి పిల్లలకు ఆంధ్రప్రదేశ్ పథకాలు వర్తిస్తాయి, పర్లాకిమిడిలో ఉన్న అన్నగారి పిల్లలకు వర్తించవు. స్థానికత ధ్రువపత్రం ఒడిశాది కాబట్టి వారు అడగవలసింది భువనేశ్వర్‌నే. ఆంధ్ర నుంచి ఏదో వస్తుందని ఎదురుచూసి కాలం పోగొట్టుకోవద్దు.

ఎక్కడ నేర్చుకోవాలన్నది తరువాతి ప్రశ్న. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది, ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. మహారాష్ట్రలోని గోందియాలో జాతీయ స్థాయి సంస్థ ఒకటి ఉంది. ఒడిశాలో ధెంకనాల్ జిల్లా బిరసాల్ రన్‌వే శిక్షణకు వాడారు. 2020 జూన్‌లో అక్కడే శిక్షణ విమానం కూలి, శిక్షకుడు, నేర్చుకుంటున్న యువతి ఇద్దరూ మరణించారు. ఫీజు ఎంత అని అడిగే తల్లిదండ్రులు విమానాలు ఎన్ని, వాటిలో ఈ రోజు ఎగరగలిగేవి ఎన్ని, శిక్షకులు ఎంతమంది, గత ఏడాది ఎంతమంది 200 గంటలు పూర్తి చేశారు అని కూడా అడగాలి. 2025లో డీజీసీఏ మొదటిసారి శిక్షణ సంస్థలకు గ్రేడ్లు ఇచ్చింది. అత్యున్నతమైన ఏ ప్లస్, ఏ గ్రేడ్లలో ఒక్క సంస్థ కూడా నిలవలేదు. అంత డబ్బు తీసుకునే రంగంలో ఇది సిగ్గుపడాల్సిన ఫలితం. ఏజెంట్ల మాట కన్నా ఆ జాబితా మీదే ఆధారపడటం మంచిది.

విదేశాల్లో నేర్చుకుంటే గంటలు త్వరగా పూర్తవుతాయి. తిరిగి వచ్చాక మన డీజీసీఏ పరీక్షలు రాసి లైసెన్స్ మార్చుకోవాలి. ఆ సమయాన్నీ ఖర్చునూ ఏజెంటు లెక్కలో చూపడు.

2023లో దేశంలో 1,622 కమర్షియల్ లైసెన్స్‌లు జారీ అయ్యాయి. అప్పటికి అది రికార్డు. కానీ లైసెన్స్ వేరు, కుర్చీ వేరు. విమానయాన సంస్థల రాత పరీక్ష, మనస్తత్వ పరీక్ష, సిమ్యులేటర్ పరీక్ష, ఇంటర్వ్యూ దాటాలి. పెద్ద సంస్థలు వందల విమానాలు తెస్తున్నా, చేరేవరకు నెలలు, ఒక్కోసారి ఏళ్లు వేచి ఉన్నవారు ఉన్నారు. ఆ కాలంలో శిక్షకుడిగా అర్హత సంపాదించి ఫ్లయింగ్ స్కూల్‌లోనే పనిచేయడం ఒక మంచి మార్గం. ఆదాయం వస్తుంది, గంటలు పెరుగుతాయి. కెప్టెన్ కావడానికి కావాల్సిన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్స్‌కు 21 ఏళ్ల వయసు, 1,500 గంటల అనుభవం కావాలి మరి.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. భారత పైలట్లలో దాదాపు 15 శాతం మహిళలు. ప్రపంచ సగటు ఇందులో మూడో వంతు. మన సరిహద్దులోని మల్కనగిరి నుంచే అనుప్రియా లక్రా 2019లో పైలట్ అయ్యారు. ఆ జిల్లా గిరిజన మహిళల్లో ఆమే మొదటివారు. ఆమె తండ్రి పోలీసు శాఖలో హవల్దారు. 2012లో ఇంజనీరింగ్ వదిలి భువనేశ్వర్‌లో శిక్షణలో చేరారు. చేరడానికి, ఉద్యోగానికి మధ్య ఏడేళ్లు గడిచాయి. ఆ ఏడేళ్లు ఒక హవల్దారు కుటుంబం ఎలా గడిపిందో ఎవరూ అడగరు, ఫోటో మాత్రం అందరూ పంచుకుంటారు. ఒడిశాకు విమానం కొత్తదేమీ కాదు. తరువాత ముఖ్యమంత్రి అయిన, గంజాం మూలాలున్న బిజూ పట్నాయక్ కాలేజీ వదిలి పైలట్ అయ్యారు, 1947లో ఇండోనేసియా నాయకుడు సుతాన్ షహ్రీర్‌ను విమానంలో తరలించారు. అంత చరిత్ర ఉన్న రాష్ట్రం అనుప్రియ కుటుంబానికి ఏడేళ్ల పాటు తోడుగా నిలవగలిగే ఒక్క పథకాన్నైనా నిలబెట్టాలి.

అలాంటి పథకం ఎలా ఉండాలో కూడా చెబుతాను. రాష్ట్ర ప్రభుత్వం ఏటా కొద్దిమందిని ఎంపిక చేసి, ఇరవై మందైనా సరే, క్లాస్ 1 వచ్చినవారికే రుణహామీ ఇవ్వాలి. ఫీజు మొత్తం ఒకేసారి కాక, ఎగిరిన గంటల లెక్కన సంస్థకు చెల్లించాలి. అప్పుడు విమానం మరమ్మతులో ఉన్న నష్టం విద్యార్థి మీద కాక సంస్థ మీద పడుతుంది. పైలట్లు దొరకక విమానాలు రద్దు చేసుకున్న సంస్థలు టైప్ రేటింగ్ ఖర్చును భరించి, జీతంలో కొద్దికొద్దిగా మినహాయించుకోవాలి. బరంపురం దగ్గరి రంగేయిలుండ ఎయిర్‌స్ట్రిప్, 2022లో తొమ్మిది సీట్ల విమానాలు మొదలైన జయపురం రన్‌వే మన చేతిలో ఉన్నవే. వీటిలో ఒకచోట మంచి శిక్షణ సంస్థను రప్పిస్తే పిల్లలు ఇంటి అన్నం తింటూ నేర్చుకోగలరు.

ఇవన్నీ జరగడానికి సమయం పడుతుంది. ఈ ఏడాదే చేయగలిగింది ఒకటి ఉంది. ప్లస్ టూ సైన్స్ పిల్లల కోసం బరంపురంలో ఏటా ఒక్కసారి, డీజీసీఏ గుర్తింపు ఉన్న వైద్యులను పిలిపించి క్లాస్ 2 శిబిరం పెట్టాలి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పిల్లలకు బస్సు ఛార్జీ ఇవ్వాలి. క్లాస్ 1కు ఎక్కడికి, ఎలా వెళ్లాలో రాసిన ఒక పేజీ కాగితం తెలుగులో, ఒడియాలో వాళ్ల చేతికి ఇవ్వాలి.