చలి కాదండీ, బురద!

అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర పల్లెలో ఉంటామంటే అందరూ చలి గురించే జాలిపడతారు. చలిదేముంది! మైనస్ 40 పడితే కారు ఇంజను హీటరు ప్లగ్గులో పెడతాం, పొయ్యిలో బర్చ్ కట్టెలు వేస్తాం, అంతే. నా ఏడుపంతా ఏప్రిల్ గురించి.

దీన్ని ఇక్కడ 'బ్రేకప్' అంటారు, నదుల మీద మంచు పగిలే కాలం. నెనానా ఊళ్లో అయితే టనానా నది మంచు ఏ నిమిషాన కదులుతుందో అని 1917 నుంచి పందేలు కాస్తున్నారు. వాళ్లకు సరదా, నాకు బురద. పైన మంచు కరుగుతుంది, కింద నేల మాత్రం ఇంకా గడ్డకట్టే ఉంటుంది. నీళ్లు ఇంకే దారి లేదు. దాంతో మా ఇంటి మట్టిదారి అచ్చం దమ్ము చేసిన వరిమడి! నిన్న కోళ్లకు మేత వేద్దామని వెళ్తే బూటు బురదలోనే ఉండిపోయింది, కాలు మాత్రం బయటికొచ్చింది. మేజోడుతో అడుగు వేశాక గానీ తెలియలేదు. పైగా ఆరు నెలలుగా మంచు కింద దాక్కున్న కుక్క పెంటంతా ఒక్కసారే దర్శనం.

"నాట్లు వేసెయ్యవే" అని అమ్మ ఫోన్‌లో నవ్వుతుంది. ఏం వెయ్యను? జూన్ మొదటిదాకా మంచు దెబ్బ టెన్షనే. బురద ఆరిందనుకునేలోపు దోమలు దిగుతాయి. అప్పటికి పగలు దాదాపు 22 గంటలు. నిద్ర ఎలాగూ పట్టదు, కూర్చుని దోమల్ని కొట్టుకోవడమే.