పబ్లిక్ చేసిన ఇన్‌స్టాగ్రామ్, లామినేషన్ చేసిన ఆధార్

బెంగళూరులో మారతహళ్లి అవతల మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒకే రోజు రెండు మెసేజులు పడ్డాయి, రెండూ పెట్టింది మా అసోసియేషన్ సెక్రటరీ గారే. పొద్దున 9 గంటలకి వచ్చినదాని సారాంశం ఏంటంటే, పనిమనుషులు, వంటవాళ్లు, డ్రైవర్లు అందరూ ఆధార్, ఓటర్ కార్డు, సొంతూరు పోలీసుల వెరిఫికేషన్ లెటరు ఆదివారం లోపు ఇవ్వాలి, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు, మన మధ్య ఎంతమంది బంగ్లాదేశీలు తిరుగుతున్నారో మీకు తెలుసా అని. సాయంత్రం 6కి రెండోది. చెన్నైలో మా అబ్బాయి అమెరికా వీసా స్టాంపింగ్ మార్చికి తోసేశారు, చదువుకున్నవాళ్లని ఇలా దొంగల్లా అనుమానించడం ఎంత అన్యాయం అండీ, దయచేసి అందరూ ఈ పిటిషన్ మీద సంతకం పెట్టండి, చేతులు జోడించిన బొమ్మలు మూడు.

నేను ఆయన్ని గౌరవించే మనిషినేనండీ. మధ్యలో తొమ్మిది గంటలు గ్యాప్ ఇచ్చారు కదా, అంతకంటే ఏం కావాలి.

పాపం ఆ అబ్బాయి కథ నిజంగానే కష్టం. డాలస్ నుంచి చెల్లెలి పెళ్లికి రెండు వారాల సెలవు మీద వచ్చాడు, కారు అక్కడ ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లోనే పెట్టేసి. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్లు, హెచ్-4 మీద వెళ్లే వాళ్ల కుటుంబాలు, అందరి సోషల్ మీడియా చూస్తామని, అకౌంట్లన్నీ పబ్లిక్‌లో పెట్టమని అమెరికా వాళ్లు అన్నారు, దాంతో రోజుకి చేసే ఇంటర్వ్యూలు తగ్గి డిసెంబర్ డేట్లు మార్చికీ ఆ తర్వాతకీ పోయాయి, పాత డేటుకి వస్తే లోపలికి రానివ్వం అని ముందే చెప్పేశారు కూడా. పెళ్లి అయిపోయింది, అప్పగింతలు అయిపోయాయి, పెళ్లికూతురు హనీమూన్‌కి వెళ్లి తిరిగొచ్చేసింది, అన్నయ్య మాత్రం ఇంకా ఇక్కడే. పార్కింగ్ మీటర్ అక్కడ తిరుగుతోంది.

ఇక ఇన్‌స్టా పబ్లిక్ చేసే కార్యక్రమానికి నేను స్వయంగా సాక్షిని, వైఫై రాకపోతే పాస్‌వర్డ్ చూడ్డానికి పిలిచారు. హాల్లో టీవీకి లాప్‌టాప్ తగిలించి, పెద్దమ్మ, బాబాయి, కొత్త అల్లుడితో సహా కూర్చుని 2014 నుంచి ఒక్కో ఫోటో పరిశీలన. అమెరికా ఆఫీసరు చూసినా ఫర్వాలేదనుకున్నాడేమో గానీ నాన్న చూస్తాడని అబ్బాయి అనుకోలేదు. గోవా ఫోటో రాగానే "ఆ చేతిలోది ఏంట్రా" అని పెద్దమ్మ, "యాపిల్ జ్యూస్ పెద్దమ్మా" అని వీడు, "మరి ఆ పక్కన అమ్మాయి?" అనేసరికి కోడలు పిల్ల లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. తర్వాత ఫేస్‌బుక్. అక్కడ దొరికింది అసలు సరుకు. 2025 ఫిబ్రవరిలో 104 మంది మనవాళ్లని సంకెళ్లు వేసి మిలిటరీ విమానంలో అమృత్‌సర్‌లో దించారు చూడండి, ఆ వార్త కింద మా సెక్రటరీ గారు కొడుకుని ట్యాగ్ చేసి మరీ రాశారు, "ఇల్లీగల్ గాళ్లకి ఇలాగే జరగాలి, శభాష్ ట్రంప్" అని. అది డిలీట్ చేయాలా ఉంచాలా అని గంటసేపు చర్చ. డిలీట్ చేస్తే ఏదో దాచామనుకుంటారని బాబాయి. చివరికి సెక్రటరీ గారే తేల్చారు, "ఉంచరా, మన క్యారెక్టర్ సర్టిఫికెట్ అదే."

ఆయన ఊరికే ఉండే మనిషి కాదు. ఇంటర్వ్యూ లేకపోయినా చెన్నై వెళ్లి, ఎయిర్‌పోర్ట్ దగ్గర పళవంతాంగల్‌లో వీసా గణపతికి కొబ్బరికాయ కొట్టి, జెమిని ఫ్లైఓవర్ పక్కన కాన్సులేట్ గోడ కూడా ఒకసారి చూసొచ్చారు. 2025 జనవరిలో బెంగళూరు కాన్సులేట్‌కి వీసా కౌంటర్ లేకుండానే ప్రారంభోత్సవం చేశారు లెండి. భోజనాల గది లేని కల్యాణమండపం లాగ.

ఈ మనిషే 2025 సెప్టెంబర్‌లో హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు అనగానే రాత్రంతా నిద్రపోలేదు, కొత్తగా పెట్టే దరఖాస్తులకే అని పొద్దున తేలాక "ఒకందుకు మంచిదేనండీ, క్వాలిటీ పెరుగుతుంది" అన్నారు. తను ఎక్కేశాక బస్సులో ఖాళీ లేదని అరిచేవాడు ప్రతి బస్సులో ఒకడుంటాడు, మాకు దొరికినవాడు సెక్రటరీ అయ్యాడు. 2024 జులైలో కర్ణాటక కేబినెట్ ప్రైవేటులో మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం లోకల్స్‌కే అని బిల్లు ఓకే చేసి, గోల అయ్యాక పక్కన పెట్టింది గుర్తుందా? అప్పుడు ఆర్టికల్ 19 మొత్తం టైప్ చేసి గ్రూపులో పెట్టింది ఈయనే, దేశంలో ఎక్కడైనా బతికే హక్కు నాకుంది అని. అంటే రాజ్యాంగం తెలీక కాదు.

మరి మా ఇంట్లో పనిచేసే ఆమెకి ఆ ఆర్టికల్ లేదా? పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ ఆమెది. పొద్దున ఆరున్నరకి గేటు దగ్గర, చేతిలో లామినేషన్ చేసిన ఆధార్, మూలలు లేచిపోయి, ఫోటో వెలిసిపోయి ముక్కు తప్ప ఏం కనపడదు. సెక్యూరిటీ అబ్బాయి, వాడిది అస్సాం, దాన్ని ఎండకి పెట్టి చూసి "ఇది నువ్వేనా" అన్నాడు. ఆమె చీర కొంగుతో కార్డు తుడిచి మళ్లీ ఇచ్చింది. ఎవరిచ్చారండీ మనకి ఈ ఆఫీసరు ఉద్యోగం? ఆ యాస వినగానే బంగ్లాదేశీ అని ఎలా తెలిసిపోతుంది మనకి, ముర్షిదాబాద్‌లో తెలుగు మాట్లాడతారా? 2020 జనవరిలో ఇక్కడే, బెళ్లందూరు దగ్గర కరియమ్మన అగ్రహారలో ఇలాగే బంగ్లాదేశీలు అని గుడిసెలు కూల్చేశారు, తీరా చూస్తే అస్సాం, బెంగాల్ వాళ్లే కాదు ఉత్తర కర్ణాటక వాళ్లు కూడా ఉన్నారు అందులో, కన్నడ మాట్లాడేవాళ్లు! హైకోర్టు తప్పుపట్టింది. ఆ లోపు ఆ ఇళ్ల మీద నుంచి జేసీబీ వెళ్లిపోయింది కదా, తప్పుపడితే గోడ లేస్తుందా? సిగ్గుండాలి.

సెక్రటరీ గారికి, ఆయన భార్యకి ఒకసారి అమెరికా టూరిస్ట్ వీసా రిజెక్ట్ అయింది, వాళ్ల చట్టంలో సెక్షన్ 214(బి) కింద. ఆ సెక్షన్ ప్రకారం నువ్వు అక్కడ ఉండిపోవడానికే వచ్చావని ముందే అనుకుంటారు, కాదని నువ్వే రుజువు చేసుకోవాలి. ఏడాదిపాటు లిఫ్టులో దొరికిన ప్రతివాడికీ ఈ అన్యాయం వినిపించారు. మన దగ్గర 1946 ఫారినర్స్ యాక్ట్‌లోనూ అంతే, 2025 సెప్టెంబర్ నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టంలోనూ అంతే, విదేశీయుడు కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ మనిషే. కాకపోతే అక్కడ ఓడితే డిస్నీలాండ్ పోతుంది, ఇక్కడ ఓడితే ఊరే పోతుంది. ఇది లిఫ్టులో ఎవరూ చెప్పట్లేదు.

ఆదివారం గడువు అయిపోయింది. సోమవారం పొద్దున గేటు దగ్గర ఆగిపోయిన మొదటి మనిషి సెక్రటరీ గారి వంటావిడ, రాయచూరు నుంచి వచ్చినామె, పోలీసు లెటరు లేదు. ఈయన బాల్కనీ నుంచి "మా మనిషేనయ్యా, వదులు" అని అరుస్తారు, వాడు కింద నుంచి "రూల్ మీదే సార్" అంటాడు. ఇంటినిండా చుట్టాలు, నాలుగు రోజులుగా స్విగ్గీ. నిన్న రాత్రి గ్రూపులో గడువు పొడిగించడమైనది అని మెసేజ్ వచ్చింది, కారణాలు చెప్పలేదు, అమెరికా వాళ్లూ చెప్పరు.

కింద మళ్లీ పిటిషన్ లింకు పెట్టారు, ఇంకా ఎవరెవరు సంతకం పెట్టలేదో లిస్టుతో సహా. వీసా ఆపినప్పుడు కాన్సులేట్ వాళ్లు చెప్పే మాటే నేనూ రాశాను, నాది అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్‌లో ఉందని.