వస్తా అంటే వచ్చేసినాడప్పా

మా ఫ్యాక్టరీలో కొరియా సారు ఒకాయన ఉండాడు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక పార్టులు చేసిచ్చే కంపెనీలు హైవే పొడుగునా మొలిచినాయి గదా, అట్లాంటి దాంట్లో నేను క్వాలిటీ చూస్తా, ఆయన నాకు పైన. ఒకరోజు మధ్యాహ్నం నేను క్యారియర్ విప్పితే చెనిక్కాయల ఊరిబిండి, అదే పచ్చడి, దాని వాసనకి వచ్చి పక్కన నిలబడి "మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు" అని అడిగినాడు. నా నోరు ఊరుకుంటుందా, "ఆదివారం భోజనానికి అనంతపురం రాండి సార్" అనేసినా.

అనేసినాక భయం పట్టుకునింది. శనివారం రాత్రి రెండు దాకా ఫోన్లో కొరియావాళ్ళ మర్యాదలన్నీ చదివి, పొద్దున్నే అమ్మనీ అవ్వనీ మా మేనమామనీ కూర్చోబెట్టి క్లాసు పీకినా. పెద్దోళ్ళకి ఏదిచ్చినా రెండు చేతులతో ఇయ్యాల, తీసుకునేటప్పుడూ రెండు చేతులే. ఎర్ర ఇంకుతో మనిషి పేరు రాయకూడదు, చావుకి ముడిపెడతారు. ("తిండికి పిలిస్తే పేరు యాడ రాస్తాంరా" అని మామ.) 4 అంకె మంచిది కాదు, వాళ్ళ భాషలో నాలుగన్నా చావన్నా ఒకే శబ్దం, కొన్ని లిఫ్టుల్లో 4 బదులు ఎఫ్ అని ఉంటుందంట. మా అమ్మ దీన్ని మాత్రం శ్రద్ధగా వినింది. "అయితే ఓళిగలు నాలుగు వేయనులే, అయిదేస్తా" అనింది.

వయసు అడగొచ్చు అని చెప్తే మామకి ప్రాణం లేచొచ్చింది. అడగడం తప్పు కాదు, ఎవరు పెద్దో తెలిస్తే గానీ ఏ మాట వాడాల్నో వాళ్ళకి తెలీదు, మన నువ్వు, మీరు మాదిరి, ఇంకా ఎక్కువ మెట్లు. ఇంకో సంగతి, వాళ్ళ పాత లెక్కలో పుట్టంగానే ఒక ఏడు, ఆ తర్వాత జనవరి 1 వస్తే అందరికీ ఇంకో ఏడు. చట్టం మార్చి, 2023 జూన్ నుంచి చాలావరకు సర్కారు లెక్కలకి పుట్టినరోజు లెక్కే అన్నారు. అవ్వ ఇదంతా విని "నేను గంజి కరువప్పుడు పుట్టినా, నాకు ఏ చట్టమూ వద్దు" అనింది.

సరిగ్గా ఒంటిగంటకి కారు దిగినాడు సారు. చెప్పులు బయటే విప్పి, వాటిని వాకిలి వైపు తిప్పి పెట్టి లోపలికొచ్చినాడు, ఆ పని మా ఇంట్లో ఇంతవరకూ ఎవడూ చేయలా. మామ ఎదురుపోయి "రాప్పా, రా, కూర్చోప్పా, నీళ్ళు తాగప్పా, ప్రయాణం బాగైందా అప్పా" అని మొదలుపెట్టినాడు. మన దగ్గర అప్పా అనకుండా వాక్యం ముగియదు గదా. సారు మొహం చూస్తే ఏదో తేడాగా ఉంది. ఒకసారి వెనక్కి తిరిగి చూసినాడు, ఇంకెవరన్నా వచ్చినారేమో అని. మెల్లగా నా చెవిలో "మీ మామ వయసెంత" అన్నాడు. 63 అన్నా. "నాకు 51. కొరియాలో అప్పా అంటే నాన్న." నాకు నవ్వాల్నో ఏడవాల్నో తెలీలా. మామకి చెప్తే "అట్లనా అప్పా!" అన్నాడు.

సరే, కూర్చున్నాం. అసలు కత ఈడే జరిగింది. మా అమ్మకి ఒకటే దిగులు, పాపం చేత్తో తినలేడేమో అని. అందుకని రాగి సంగటి ముద్ద, గుండ్రంగా, పొగలు కక్కుతా ఉండేది, ప్లేటు మధ్యలో పెట్టి దాని నెత్తిన స్పూను నిలువుగా గుచ్చింది. జెండా నాటినట్టు. పక్కన నాటుకోడి పులుసు. నేను చదివింది అన్నంలో వాళ్ళు తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) నిలువుగా గుచ్చకూడదని, సంగట్లో స్పూను గురించి యాడా రాసిండలా.

సారు ఆ స్పూను వైపు చూసినాడు. చెయ్యి పెట్టలేదు. గోడమీద చూసినాడు, ఆడ దండేసిన మా తాత ఫొటో. మళ్ళా సంగటి చూసినాడు, మళ్ళా తాతని చూసినాడు. లేసి నిలబడి చొక్కా సర్దుకుని, ఫొటో ముందు మోకాళ్ళ మీద కూర్చుని నుదురు నేలకి ఆనేదాకా వంగి మొక్కినాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇల్లంతా గప్‌చుప్. మిక్సీ మాత్రం తిరుగుతాంది లోపల.

తర్వాత తెలిసిందేమంటే, వాళ్ళ ఇళ్ళల్లో పోయిన పెద్దలకి పెట్టే అన్నంలోనే స్పూను అట్ల నిలువుగా గుచ్చుతారంట, పోయినోళ్ళకి రెండుసార్లు మొక్కుతారంట. అంటే మా అమ్మ ప్రేమగా పెట్టింది మన లెక్కలో పిండం. ఆయనేమో ఈ రోజు ఈ ఇంట్లో పెద్దాయనకి తద్దినం, నన్ను దానికి పిలిచినారు, ఎంత గౌరవం అనుకున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోతా ఉంటే అవ్వ కళ్ళు తుడుచుకుంటా "చూడరా, యాడో పుట్టినోడు మీ తాతకి మొక్కినాడు, నువ్వు పరీక్షలప్పుడు తప్ప ఎప్పుడన్నా ఆ గోడవైపు చూసినావా" అని నన్నే తిట్టింది. ఇంక నిజం ఎవరు చెప్తారు, నేను చెప్పలా.

తినేటప్పుడు ఇంకో గొడవ. అమ్మ "ఇంకొంచెం పులుసు?" అంటే ఆయన "నే" అంటాడు. అమ్మ నన్ను చూసింది, నేను హిందీలో నై అనుకుని "వద్దంటాండాడు" అన్నా. వాళ్ళ భాషలో నే అంటే అవును, అది నేను చదివి కూడా టైముకి మర్చిపోయినా. ఏం నష్టం జరగలేదులే, మన దగ్గర వద్దు అంటే ఇంకొంచెం బతిమాలు అని గదా అర్థం, అమ్మ వేస్తానే ఉంది. ఇట్ల నే అంటే పులుసు, నే అంటే సంగటి, నే అంటే ఊరిబిండి. ఆయనదీ కారం తినే దేశమే, కిమ్చి తిని పెరిగినోడు, అయినా ఊరిబిండికి చెవులు ఎర్రగైనాయి. ఆఖరికి కడుపు నిండిపోయి రెండు చేతులూ ప్లేటు మీద అడ్డం పెట్టి "నో, నో" అన్నాడు. అమ్మ ఆ చేతుల మీదే అయిదో ఓళిగ పెట్టింది. పెద్దోళ్ళు ఇచ్చింది రెండు చేతుల్లో పడింది గదా, ఇంకేం చేస్తాడు, తలవంచి తిన్నాడు.

పోయేటప్పుడు, ఫ్యాక్టరీలో నేర్చుకున్న తెలుగంతా కూడదీసుకుని గట్టిగా "నేను పోతా" అన్నాడు. అవ్వ చెవులు మూసుకునింది. "పోతా అనకూడదు నాయనా, వస్తా అనాల!" నేను ఇంగ్లీషులో చెప్పినా, ఈడ పోతా అనరు, వస్తా అనాల సార్ అని. ఆయన బుద్ధిగా "వస్తా" అన్నాడు. మేమందరం ఒకే గొంతుతో "మంచిది, రాప్పా!" అన్నాం. ఇంకా రెండుసార్లు అన్నాడు, రెండుసార్లూ రాప్పా అన్నాం. కారెక్కి పోయినాడు.

తర్వాతి ఆదివారం. ఒంటిగంట. నేను బనియన్ మీద ఉండా, అమ్మ రాత్రి మిగిలిన సంగటి మజ్జిగలో పిసుకుతాంది. వాకిట్లో కారు ఆగింది. సారు, ఇస్త్రీ చొక్కా, రెండు చేతుల్లో ఆపిల్ పండ్ల డబ్బా. చెప్పులు విప్పి వాకిలి వైపు తిప్పి పెడతాండాడు.

"ఏందిరా ఇది" అంది అమ్మ లోపల్నించి.

"పోయిన వారం వస్తా అన్నాడు గదమ్మా. మనమూ రమ్మన్నాం. మూడుసార్లు."

పచ్చిమిరపకాయ నంజుకుని ఆ సద్ది సంగటే తాగినాడు, రెండు గ్లాసులు, స్పూను అవసరమే రాలేదు. మూడింటికి లేసి తాత ఫొటోకి తల వంచి, గడపలో నిలబడి నవ్వుతా "వస్తా" అన్నాడు.

అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకునింది.

"ఒరే, సరిగ్గా కనుక్కో. ఊరికే వస్తా అన్నాడా, నిజంగా వస్తాడా? కోడిని చెప్పాల మళ్ళా."