ట్యూబు మీది అంకెకు పూచీ ఎవరు?

ఎండలు ముదిరితే వరంగల్ మెడికల్ షాపుల్లో సన్‌స్క్రీన్ ట్యూబులు ముందు వరుసకు వస్తాయి. కొనేవారు ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె చూస్తారు. 30 కన్నా 50 మేలని ఎక్కువ డబ్బులే పెడతారు. ఆ అంకె నిజమో కాదో తేల్చుకునే దారి మాత్రం వారికి లేదు.

ల్యాబులో ఆ అంకె తేల్చే పద్ధతి ఇది. వాలంటీర్ల వీపు మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీము పూసి, ఎండలాంటి కాంతిని వేస్తారు. మర్నాడు చర్మం ఎక్కడ ఎర్రబడిందో చూస్తారు. క్రీము లేనిచోటి కన్నా పూసినచోట ఎర్రబడటానికి ఎన్ని రెట్ల కాంతి కావాల్సివచ్చిందో అదే ఎస్‌పీఎఫ్. ఇంట్లో మనం అందులో సగం మందాన కూడా రాసుకోం. పైగా ఎరుపు స్పష్టంగా తెలియాలని లేత రంగు చర్మం వారినే పరీక్షకు తీసుకుంటారు. మన చామనఛాయ ముఖాలకు ఎరుపు కన్నా మంగు మచ్చలే పెద్ద బాధ. వాటిని పెంచడంలో ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకమైన యూవీఏకూ, కంటికి కనిపించే మామూలు వెలుగుకూ పాత్ర ఉంది. ఎస్‌పీఎఫ్ చెప్పేది ముఖ్యంగా చర్మాన్ని ఎర్రబరిచే మరో రకం, యూవీబీ సంగతి.

లేబుల్ మీద దినుసుల పేర్లు చదివితే సరిపోతుందా? సరిపోదు. యూవీఏను బాగా ఆపే అవోబెంజోన్, దాన్ని నిలకడగా ఉంచే దినుసు తోడు లేకపోతే ఎండకే విరిగిపోతుంది. అందుకే తయారైన క్రీమునే పరీక్షించాలి.

ఆస్ట్రేలియాలో 2025లో ఛాయిస్ అనే వినియోగదారుల సంఘం 20 సన్‌స్క్రీన్లను పరీక్ష చేయిస్తే 16 తాము చెప్పుకున్న ఎస్‌పీఎఫ్‌ను అందుకోలేదు. 50 ప్లస్ అని రాసుకున్న ఒకటి 4 దగ్గరే ఆగిపోయింది. నిబంధనలు గట్టిగా ఉన్న దేశంలోనే ఇలా ఉంటే, సన్‌స్క్రీన్‌ను కాస్మెటిక్‌గా చూసే మన దగ్గర నిఘా ఇంకెంత కావాలి?

కాకతీయ యూనివర్సిటీలో ఫార్మసీ కాలేజీ ఉంది, వరంగల్‌లోనే నిట్ ఉంది. మనిషి ఒంటి మీద కాకుండా ప్లాస్టిక్ పలకల మీద క్రీము పూసి యూవీఏ రక్షణను కొలిచే అంతర్జాతీయ పద్ధతి ఇప్పటికే ఉంది. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు షాపుల్లోంచి శాంపిళ్లు తీసి, ఇలాంటి సంస్థలకు పరికరాలు, నిధులు సమకూర్చి ఈ పని అప్పగించాలి. ఫలితాలను బ్రాండ్ల పేర్లతో సహా తెలుగులో ప్రకటించాలి. మొదటి జాబితా వచ్చే మార్చిలోగా జనం చేతికి అందాలి.