సీ పాఠం తీసేయమనడం తొందరపాటు
రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చింది కాబట్టి కళాశాలల్లో సీ భాష మానేయాలన్న వ్యాసకర్త మాట ఒప్పుకోలేను. నల్గొండలో ఇంజనీరింగ్ విద్యార్థులకు రెండూ చెబుతున్నాను. విడుదల చేసిన మెమరీని మళ్లీ తాకితే ఏమవుతుందో సీలో కళ్లారా చూసిన పిల్లలకే, రస్ట్ కంపైలర్‌కు (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్‌కు) అంత పట్టుదల ఎందుకో తెలుస్తోంది. రస్ట్‌లో ఒక విలువకు ఒకే యజమాని, అంటే దాన్ని పట్టుకున్న వేరియబుల్. ఆ విలువను మార్చగల రిఫరెన్స్ (అది ఉన్న చోటును చూపే సూచిక) వాడుకలో ఉండగా మరో రిఫరెన్స్‌కు చోటు లేదు. ఈ తనిఖీ కంపైల్ దశలోనే, గార్బేజ్ కలెక్టర్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా అక్కర్లేని మెమరీని ఏరివేసే యంత్రాంగం) అక్కర లేకుండానే జరుగుతుంది. గొప్ప సంగతే, కాదనను. కానీ ఈ ఆలోచన 2015లో రస్ట్ 1.0తో ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకు చాలా ముందే సైక్లోన్ అనే భాష సీకి రీజియన్ టైపులు (పాయింటర్ చూపే మెమరీ ఏ భాగానిదో, ఎంతవరకు చెల్లుతుందో చెప్పే గుర్తులు) జోడించింది. వ్యాసంలో దాని ఊసే లేదు. పైగా రస్ట్‌లోనే కంపైలర్ కొన్ని తనిఖీలు వదిలేసే ‘అన్‌సేఫ్’ బ్లాకులో రా పాయింటర్లు (తనిఖీ లేని మెమరీ చిరునామాలు) వాడితే బాధ్యత మళ్లీ మనదే. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ కూడా 2022లో 6.1 వెర్షన్‌తో రస్ట్‌ను చేర్చుకుందే తప్ప సీని వదులుకోలేదు.